ఆరోగ్యశ్రీ ఉంటే ప్రైవేటు పాలసీ అక్కర్లేదా?

"ఆరోగ్యశ్రీ ఉంది కదా, ఏటా ఇంత ప్రీమియం కట్టడం ఎందుకు?" అని కొందరంటారు. "మంచి పాలసీ ఉంది, ఆ కార్డుతో మనకేం పని?" అని మరికొందరంటారు. రెండు మాటల వెనకా ఉన్న ఊహ ఒక్కటే. రెండూ చేసే పని ఒకటేననీ, ఒకటి బీదవాళ్లకూ మరొకటి ఉన్నవాళ్లకూ అనీ చాలామంది అనుకుంటారు. ఆ ఊహ సరికాదు. ప్రభుత్వ పథకం తన జాబితాలో ఉన్న చికిత్సకు డబ్బు కడుతుంది. ప్రైవేటు పాలసీ ఆసుపత్రి వేసిన బిల్లుకు కడుతుంది. అందుకే ఇబ్బందులు కూడా వేర్వేరు చోట్ల ఎదురవుతాయి. పథకంలో అవి ఆసుపత్రిలో చేరే గడప దగ్గర వస్తాయి, పాలసీలో డిశ్చార్జి రోజున బయటపడతాయి. ఏ కుటుంబానికి ఏది కావాలో తేల్చుకోవాలంటే ముందు ఈ తేడా పట్టుకోవాలి.

ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. మూడూ వలసల జిల్లాలే. గుండె ఆపరేషన్‌కో క్యాన్సర్‌కో పొలం అమ్ముకోవడం అక్కడ మామూలు సంగతిగా ఉండేది. రాష్ట్రం విడిపోయాక పథకమూ రెండు దారులు పట్టింది. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ కింద కుటుంబానికి ఏడాదికి ఉన్న రూ.5 లక్షల పరిమితిని 2023 డిసెంబరులో రూ.10 లక్షలు చేశారు. 2024లో 163 చికిత్సలు చేర్చడంతో జాబితా 1,835కు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులోనే పరిమితి రూ.25 లక్షలైంది. 2024లో పథకం పేరు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. అక్కడి జాబితాలో 3,257 చికిత్సలున్నాయి. 2018లో మొదలైన కేంద్రం ఆయుష్మాన్ భారత్ రూ.5 లక్షల వరకు ఇస్తుంది. రెండు రాష్ట్రాలూ దాన్ని తమ పథకాలతో కలిపి నడుపుతున్నాయి.

రూ.25 లక్షలు, రూ.10 లక్షలు అన్న అంకెలు చూసి, అంత మొత్తం చేతిలో ఉన్నట్టే అనుకుంటారు చాలామంది. అసలు పరిమితి ఆ అంకెలో లేదు, చికిత్సల జాబితాలో ఉంది. ఒక్కో చికిత్సకూ ముందే కట్టిన ఒక ప్యాకేజీ ధర ఉంటుంది. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, మందులు, పరీక్షలు, భోజనం అన్నీ అందులోనే. ఆసుపత్రి వివరాలు పంపుతుంది, పథకాన్ని నడిపే ప్రభుత్వ ట్రస్టు డాక్టర్లు చూసి అనుమతిస్తారు, ఆ తరువాతే చికిత్స. అత్యవసరమైతే ఫోన్‌లో అనుమతి తీసుకోవచ్చు. రోగి దగ్గర పైసా వసూలు చేయకూడదన్నది నిబంధన. జబ్బు జాబితాలో లేకపోతే కార్డులో ఎన్ని లక్షలున్నా అక్కరకు రావు.

దీనికి ఎదురుగా పథకంలో ఒక గొప్ప బలం ఉంది, దాని గురించి చెప్పుకునేవాళ్లు తక్కువ. వయసు అడగరు. షుగర్ ఉందా, బీపీ ఉందా, పోయినేడు స్టెంట్ వేశారా అని అడగరు. కార్డు ఉన్న మర్నాడే, ఇరవై ఏళ్ల నుంచి ఉన్న జబ్బుకైనా చికిత్స అందుతుంది. కిడ్నీ దెబ్బతిని డయాలిసిస్ మీద బతికే మనిషికి కొత్తగా పాలసీ ఇచ్చే ప్రైవేటు కంపెనీ దొరకడం చాలా కష్టం. డయాలిసిస్ ఈ పథకంలో ముఖ్యమైన భాగం. పుట్టుకతో వినికిడి లేని పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్ల సంగతీ అంతే. డబ్బున్నా మార్కెట్‌లో దొరకని రక్షణ ఇది. దీన్ని "ఉచితం" అన్న ఒక్క మాటతో తేల్చేయడం పథకానికి అన్యాయం చేయడమే.

గడప దగ్గర ఏం జరుగుతుంది?

కార్డు చూపించగానే పెద్ద ఆసుపత్రులు అన్ని విభాగాల్లోనూ తలుపు తీయవు. కొన్ని పథకంలోనే చేరవు. మరికొన్ని రెండు మూడు విభాగాలకే చేరతాయి. గుండె విభాగానికి ఉండి ఎముకల విభాగానికి లేకపోవచ్చు. "ఆరోగ్యశ్రీ పడకలు ఖాళీ లేవు, రెండు వారాల తరువాత రండి" అన్న మాట విననివాళ్లు తక్కువ. ప్యాకేజీ ధరకూ బయటి ధరకూ తేడా పెరిగేకొద్దీ ఈ మాట ఎక్కువ వినపడుతుంది.

దానికన్నా పెద్ద సమస్య బకాయిలు. ప్రభుత్వం నుంచి డబ్బు రావడం ఆలస్యమవుతోందని, పథకంలో చేరిన ప్రైవేటు (నెట్‌వర్క్) ఆసుపత్రులు 2025 సెప్టెంబరులో తెలంగాణలో సేవలు ఆపాయి. అక్టోబరులో ఆంధ్రప్రదేశ్‌లోనూ అదే జరిగింది. అంతకుముందూ ఇలాంటివి జరిగాయి. చర్చలు, కొంత విడుదల, మళ్లీ సేవలు. ఈ మధ్యలో ఆపరేషన్ తేదీ పడ్డ రోగి పరిస్థితిని ఏ ఒప్పందమూ లెక్కలోకి తీసుకోదు. అప్పుడు మిగిలేది ప్రభుత్వ ఆసుపత్రులే: గాంధీ, ఉస్మానియా, నిమ్స్, కేజీహెచ్, స్విమ్స్ లాంటివి. వీటిలో మంచి వైద్యం ఉంది, వరసలూ ఉన్నాయి.

ఎందుకిలా అవుతుందో అర్థం కావాలంటే ఒక పాత సంగతి చెప్పుకోవాలి. ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న కుటుంబాలకే కాదు, ప్రభుత్వానికీ ఎదురైంది. ఆరోగ్యశ్రీ మొదట్లో ఒక ప్రైవేటు బీమా కంపెనీ ద్వారా నడిచింది. ప్రభుత్వం ప్రీమియం కడితే కంపెనీ క్లెయిములు చెల్లించేది. తరువాత బాధ్యత పూర్తిగా ట్రస్టుకు మారింది. కంపెనీ నడిపితే ఎంత తక్కువ చెల్లిస్తే దానికి అంత మిగులు కాబట్టి, కాదనడం వైపు మొగ్గు ఉంటుంది. ట్రస్టు నడిపితే లాభం ప్రశ్న లేదు, కాదనాల్సిన తొందరా లేదు. కానీ డబ్బు ఖజానా నుంచి రావాలి. ఖజానాకు ఇబ్బంది వచ్చినప్పుడు వాయిదా వేయడానికి సులువుగా దొరికేది ఆసుపత్రుల బిల్లే. ఒకచోట తిరస్కరణ, మరోచోట ఆలస్యం. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ఈ రెండింటినీ కలపాలని చూస్తోంది. రూ.2.5 లక్షల వరకు బీమా కంపెనీ, ఆపైన రూ.25 లక్షల వరకు ట్రస్టు భరించే విధానానికి 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఆమోదం తెలిపింది. చిన్న క్లెయిములే సంఖ్యలో ఎక్కువ. వాటికి ఎంత త్వరగా, ఎంత తక్కువ కోతతో చెల్లింపులు జరుగుతాయో చూస్తేనే ఈ కలయిక మంచిచెడ్డలు తెలుస్తాయి.

పాలసీ కాగితాల్లో ఏముంటుంది?

ప్రైవేటు పాలసీ ఉన్నవాళ్లకు గడప దగ్గర మర్యాద బాగానే ఉంటుంది. కార్డు ఇస్తే గది ఇస్తారు. బీమా కంపెనీల మీద కోపమంతా డిశ్చార్జి రోజునే. కానీ ఆ రోజు జరిగే గొడవకు బీజం పాలసీ కొన్న రోజునే పడుతుంది.

మొదటిది, ఉన్న జబ్బు చెప్పకపోవడం. "షుగర్ సంగతి రాయకండి, ప్రీమియం పెరుగుతుంది" అని చెప్పే ఏజెంట్లు ఊరూరా ఉన్నారు. అలా చెప్పిన ఏజెంటు దగ్గర పాలసీ తీసుకోకపోవడమే క్షేమం. చేరిన రోజు కేస్ షీట్‌లో "పదేళ్లుగా షుగర్" అని డాక్టర్ రాస్తాడు. పాలసీకి మూడేళ్లే అయితే కంపెనీకి ఆ ఒక్క వాక్యం చాలు. నిజం చెప్పి తీసుకుంటే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్, అంటే క్లెయిమ్ ఇవ్వని కాలం, గరిష్ఠంగా మూడేళ్లు. అంతకుముందు నాలుగేళ్లుండేది, 2024లో బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ తగ్గించింది. ఆగకుండా ఐదేళ్లు ప్రీమియం కట్టాక, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదన్న కారణంతో క్లెయిమ్ కాదనకూడదు. ఇది ముందు ఎనిమిదేళ్లు. కొత్త పాలసీలో మొదటి 30 రోజులు ప్రమాదాలకు తప్ప దేనికీ రాదు. కంటి శుక్లాలు, హెర్నియా, మోకాలి మార్పిడి లాంటివాటికి సాధారణంగా రెండేళ్లు ఆగాలి. మోకాలి నొప్పి మొదలయ్యాక పాలసీ వెతికేవాళ్లు ఇక్కడే నిరాశపడతారు.

రెండోది గది అద్దె పరిమితి. దీని దెబ్బ ఎంతో లెక్క వేస్తే కానీ తెలియదు. రూ.5 లక్షల పాలసీలో గది అద్దె ఒక శాతం అని రాసి ఉందనుకుందాం. రోజుకు రూ.5,000 అన్నమాట. రోగి రూ.8,000 గదిలో చేరాడు. నాలుగు రోజులకు అద్దె తేడా రూ.12,000 సొంతంగా కట్టుకుంటే సరిపోతుందని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. అలా జరగదు. సర్జన్ ఫీజు, థియేటర్ ఛార్జీలు, నర్సింగ్ లాంటి గదిని బట్టి మారే ఖర్చులన్నిటినీ కంపెనీ అదే నిష్పత్తిలో కోస్తుంది. అవి రూ.1,60,000 అయితే ఎనిమిదింట ఐదు వంతులు, అంటే లక్షే ఇస్తుంది. రూ.60,000 చేతి నుంచి పడుతుంది, అద్దె తేడా దానికి అదనం. మందులకు, ఇంప్లాంట్లకు, పరీక్షలకు ఈ కోత వర్తించకూడదని నిబంధన ఉంది. బిల్లు చేతికొచ్చినప్పుడు సరిచూసుకోవాల్సింది అదే. గది అద్దెకు పరిమితి లేని పాలసీకి ప్రీమియం కొంత ఎక్కువైనా, అద్దె పరిమితి ఉన్న రూ.10 లక్షల కవర్ కన్నా ఆ పరిమితి లేని రూ.5 లక్షల కవర్ తీసుకోవడం చాలా కుటుంబాలకు మేలు.

ఈ కోతలు ఎంత పెద్దవో దేశం మొత్తం లెక్క చెబుతుంది. 2023-24లో సాధారణ, ఆరోగ్య బీమా కంపెనీలకు దాదాపు రూ.1.17 లక్షల కోట్ల క్లెయిములొచ్చాయి. చెల్లించింది రూ.83,493 కోట్లు, అంటే 71 శాతం. రూ.10,937 కోట్ల క్లెయిములను పూర్తిగా తిరస్కరించారు. అంతకన్నా ఎక్కువగా, రూ.15,100 కోట్లను పాలసీ షరతుల ప్రకారం కోసేశారు. మిగతావి పెండింగ్. "క్లెయిమ్ వచ్చింది, కానీ మొత్తం రాలేదు" అన్న ఫిర్యాదు ఎందుకంత ఎక్కువో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది. ప్రకటనల్లో కనిపించే "98 శాతం క్లెయిముల సెటిల్‌మెంట్" తరహా మాటలు సాధారణంగా సంఖ్యను లెక్కిస్తాయి. రూ.2 లక్షల బిల్లుకు రూ.1.2 లక్షలు ఇచ్చినా అక్కడ సెటిలైన క్లెయిమే.

ఇంకో అంకె కూడా తప్పుదారి పట్టిస్తుంది. వచ్చిన ప్రీమియంలో క్లెయిములకు ఎంత పోయిందన్నది చూస్తే, న్యూ ఇండియా, నేషనల్, ఓరియంటల్, యునైటెడ్ ఇండియా అనే నాలుగు ప్రభుత్వ రంగ కంపెనీలది కలిపి 2023-24లో 100 శాతం దాటింది. ఆరోగ్య బీమా మాత్రమే చేసే ప్రైవేటు కంపెనీలది 65 శాతం దగ్గరుంది. ప్రభుత్వ కంపెనీలు ఉదారమనీ, ప్రైవేటువి పిసినారివనీ వెంటనే తీర్పు చెప్పేస్తారు. అందులో నిజం కొంతే. ప్రభుత్వ కంపెనీల వ్యాపారంలో పెద్ద సంస్థల ఉద్యోగులకు తక్కువ ధరకు ఇచ్చే గ్రూపు పాలసీలు ఎక్కువ, అక్కడ క్లెయిములెప్పుడూ ఎక్కువే. ఒక్క కుటుంబం కొనే పాలసీ గురించి ఈ అంకె చెప్పేది తక్కువ. ఈ నాలుగు కంపెనీలూ ప్రభుత్వానివే అయినా అవి అమ్మేది ప్రభుత్వ పథకం కాదన్నది కూడా గుర్తుపెట్టుకోవాలి. ప్రీమియం, వెయిటింగ్, షరతులు అన్నీ ప్రైవేటు కంపెనీలకున్నట్టే, అదే ఐఆర్‌డీఏఐ కింద.

న్యాయంగా చెప్పాలంటే, కొనేవాళ్లకు గత రెండేళ్లలో కొంత మేలు జరిగింది. క్యాష్‌లెస్ (బిల్లును కంపెనీయే నేరుగా ఆసుపత్రికి కట్టే) చికిత్సకు అనుమతి గంటలో, డిశ్చార్జి అనుమతి మూడు గంటల్లో ఇవ్వాలని 2024లో ఆదేశాలొచ్చాయి. 65 ఏళ్లు దాటినవాళ్లకు కొత్త పాలసీకి ఉన్న వయసు అడ్డు తొలగింది. అరవై దాటినవాళ్ల ప్రీమియం ఏడాదిలో 10 శాతానికి మించి పెంచాలంటే నియంత్రణ సంస్థను సంప్రదించాలని 2025 జనవరిలో చెప్పారు. వ్యక్తిగత పాలసీల మీద 18 శాతం జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి తీసేశారు. కంపెనీలు ఉద్యోగులకిచ్చే గ్రూపు పాలసీలకు ఈ మినహాయింపు లేదు.

రెండూ ఉంటే?

కార్డూ పాలసీ రెండూ ఉన్న కుటుంబాలు ఊళ్లలో చాలానే ఉన్నాయి. పథకం కొంత, పాలసీ మిగతాది భరిస్తాయని వాళ్లు అనుకుంటారు. ఒకే చికిత్సకు అది కుదరదు. పథకంలో ప్యాకేజీయే మొత్తం ధర, పైన వసూలు చేయకూడదు కాబట్టి పాలసీకి పంపడానికి మిగిలే బిల్లు ఉండదు. ఏ దారిన వెళ్లాలో చేరిన రోజే తేల్చుకోవాలి. అందుకే చేరే ముందే ఆరోగ్యమిత్రను, అంటే ఆసుపత్రిలో పథకం తరఫున ఉండే సహాయకుణ్ని, మూడు విషయాలు అడగాలి. ఈ చికిత్స జాబితాలో ఉందా, ఈ విభాగం ఈ ఆసుపత్రిలో పథకం కింద ఉందా, తేదీ ఎప్పుడు దొరుకుతుంది? జవాబులు బాగుంటే కార్డే మేలు. ముఖ్యంగా క్యాన్సర్, డయాలిసిస్ లాంటి దీర్ఘకాలం సాగే చికిత్సలకు కార్డు వాడుకుని, పాలసీ మొత్తాన్ని అత్యవసరాలకు మిగుల్చుకోవచ్చు. గుండెనొప్పి, రోడ్డు ప్రమాదం లాంటి, గంటలు లెక్కపెట్టుకునే సందర్భాల్లో దగ్గర్లో ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రికి పాలసీతో వెళ్లడమే మంచిది.

ఊరు మారినవాళ్ల సంగతి కాస్త వేరు. ఆంధ్రప్రదేశ్ కార్డుతో హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల్లోని కొన్ని ఆసుపత్రుల్లో చికిత్స 2019 నవంబరు నుంచి అందుతోంది. అయినా బెంగళూరులో ఉద్యోగం చేసుకునే యువకుడు ఆ కార్డు మీదే ఆధారపడటం తెలివైన పని కాదు. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ కూడా ఉద్యోగంతో పాటే పోతుంది. ముప్పై ఏళ్ల వయసులో, ఏ జబ్బూ లేనప్పుడు, చిన్నదైనా సొంత పాలసీ తీసుకుంటే వెయిటింగ్ పీరియడ్లన్నీ ఆరోగ్యంగా ఉన్న కాలంలోనే గడిచిపోతాయి. బీమా కంపెనీ నచ్చకపోతే రెన్యువల్‌కు 45 రోజుల ముందు దరఖాస్తు చేసి మరో కంపెనీకి మారవచ్చు. గడిచిన వెయిటింగ్ కాలం వృథా కాదు.

పిల్లలు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉండి తల్లిదండ్రులు ఇక్కడ ఉన్న ఇళ్లకు 70 ఏళ్లు ఒక ముఖ్యమైన గీత. 2024 అక్టోబరు నుంచి 70 దాటిన ప్రతి ఒక్కరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద రూ.5 లక్షల వరకు చికిత్స ఉంది. ఆధార్‌తో వయ వందన కార్డు తీసుకోవాలి. ప్రైవేటు పాలసీ ఉన్నా తీసుకోవచ్చు. సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) లాంటి ప్రభుత్వ పథకంలో ఉన్నవాళ్లు మాత్రం రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. విదేశాల నుంచి ఏటా పెద్ద ప్రీమియాలు కడుతున్న పిల్లల్లో చాలామందికి ఈ కార్డు సంగతి తెలియదు. అమ్మానాన్నలకు పాలసీ తీసుకునేటప్పుడు వాళ్లను పిల్లల ఫ్లోటర్‌లో (ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే కవర్ ఉండే పాలసీలో) కలపకుండా విడిగా తీసుకోవాలి. ఫ్లోటర్‌లో ప్రీమియం ఇంట్లో పెద్దవాళ్ల వయసును బట్టి పెరుగుతుంది. వృద్ధుల పాలసీల్లో కో-పే ఎంతో కూడా చూడాలి. 20 శాతం కో-పే అంటే రూ.4 లక్షల బిల్లులో రూ.80,000 సొంత ఖర్చు.

రెండింటికీ అందని పెద్ద ఖర్చు ఒకటుంది. నెలనెలా కొనే బీపీ, షుగర్ మాత్రలు, డాక్టర్ ఫీజు, స్కానింగులు. సాధారణంగా ఆసుపత్రిలో చేరితేనే పథకమైనా పాలసీ అయినా పనిచేస్తుంది. 2021-22లో దేశం మొత్తం ఆరోగ్య ఖర్చులో 39.4 శాతం జనం నేరుగా జేబులోంచి పెట్టుకున్నదే. జన ఔషధి దుకాణాలు, హైదరాబాద్‌లో బస్తీ దవాఖానాలు ఈ భారాన్ని కొంత తగ్గిస్తున్నాయి.

నెలకు రూ.25,000 సంపాదించే కుటుంబం

అందరికన్నా ఎక్కువ ప్రమాదంలో ఉన్నది బీదవాళ్లూ కాదు, బాగా ఉన్నవాళ్లూ కాదు. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు స్కూలు టీచరు జీతం నెలకు రూ.25,000 అనుకుందాం. తెలంగాణలో ఆరోగ్యశ్రీకి ఆహార భద్రత కార్డే ప్రధాన ఆధారం. దానికి పట్టణాల్లో ఆదాయ పరిమితి ఏడాదికి రూ.2 లక్షలు, అంటే నెలకు రూ.17,000 కన్నా తక్కువ. తక్కువ జీతాల ఉద్యోగులకు వైద్యం అందించే ఈఎస్ఐకి నెల జీతం పరిమితి రూ.21,000. ఈ టీచరు రెండింటికీ బయటే. అదే జీతంతో గుంటూరులో ఉంటే ఏడాదికి రూ.5 లక్షల లోపే కాబట్టి ఆంధ్రప్రదేశ్ పథకానికి అర్హత ఉంటుంది. కృష్ణానదికి ఏ ఒడ్డున ఉన్నారన్నది ఇంత తేడా చేయడం సబబు కాదు. తెలంగాణ ఆదాయ పరిమితిని పెంచాల్సిన అవసరం చాలా ఉంది.

ఇలాంటి కుటుంబం పెద్ద బిల్లు వచ్చినప్పుడు ముఖ్యమంత్రి సహాయ నిధికి దరఖాస్తు పెడుతుంది, లేదా ఎల్ఓసీ (ఆసుపత్రికి ప్రభుత్వం డబ్బు కడుతుందని ఇచ్చే లేఖ) కోసం నాయకుల చుట్టూ తిరుగుతుంది. అక్కడ వచ్చేది సాయమే, ఎంత వస్తుందో ఎప్పుడు వస్తుందో ముందు చెప్పలేరు. ప్రైవేటు పాలసీ నిజంగా తప్పనిసరి అయ్యేది వీళ్లకే. గది అద్దె పరిమితి లేని రూ.5 లక్షల ఫ్లోటర్, ఉన్న జబ్బులన్నీ రాసి ఇచ్చిన దరఖాస్తు, దాని నకలు ఇంట్లో ఉంచుకోవడం. వీటితో మొదలుపెట్టవచ్చు. పాలసీ చేతికొచ్చాక 30 రోజుల్లోగా చదివి, నచ్చకపోతే వెనక్కిచ్చే వీలుంది. క్లెయిమ్ కాదంటే ముందు కంపెనీకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు, అంటే ఇలాంటి తగాదాలు తేల్చే అధికారికి, రాయవచ్చు. రెండు రాష్ట్రాలకూ ఆ కార్యాలయమే. రూ.50 లక్షల వరకు వివాదాలు చూస్తారు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు, కంపెనీ చివరి జవాబు వచ్చిన ఏడాదిలోపు రాస్తే సరిపోతుంది.